బిడ్డ సంగతి ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి

ఉదయగిరి మెట్టలోని ఏదో ఊరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికో, కనిగిరి పక్క పల్లె నుంచి ఒంగోలు రిమ్స్‌కో బిడ్డను చంకనేసుకుని వచ్చే తల్లి చేతిలో తప్పకుండా ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఏ బట్టల షాపులోనో ఇచ్చిన కవరు. అందులో తల్లీబిడ్డల కార్డు, ఆధార్ జిరాక్సులు, రెండేళ్ల కిందటి స్కానింగ్ రిపోర్టు, మడతల దగ్గర చినిగిన ఓపీ చీటీలు, ఖాళీ అయిపోయిన మందుల అట్ట ఒకటి ఉంటాయి. "ఇంతకుముందు ఎక్కడ చూపించారమ్మా?" అని డాక్టరు అడగ్గానే ఆ కవరు బల్ల మీద బోర్లిస్తుంది. ఏ కాగితంలో ఏముందో చదవడం ఆమెకు రాకపోవచ్చు. అట్ట రంగు చూసి మాత్రం ఏది పొద్దున వేసిందో, ఏది రాత్రి వేసిందో చెప్పగలదు.

ఒక డాక్టరు నుంచి మరో డాక్టరుకు, ఆసుపత్రి నుంచి అంగన్‌వాడీకి, అక్కణ్ణుంచి బడికి బిడ్డ సమాచారం వెళ్లే దారి నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం జిల్లాల్లో చాలావరకు ఈ కవరే. ఇందులో ఒక మేలు ఉంది. ఎవరికి ఏ కాగితం చూపించాలో తల్లి చేతిలోనే ఉంది. కానీ కవరు మరిచిపోయిన రోజు, వానకు తడిసిన రోజు, తల్లి కూలికి పోయి బిడ్డతో అవ్వ వచ్చిన రోజు కథ మళ్లీ మొదటికొస్తుంది. అవే పరీక్షలు, అవే ప్రశ్నలు, మరో బస్సు చార్జీ.

మాటలు ఆలస్యమైన ఒక నాలుగేళ్ల పిల్లాణ్ణి తీసుకుంటే, వాడి చుట్టూ ఎంతమంది ఉంటారో లెక్కపెట్టి చూడవచ్చు. ఇంటికొచ్చే ఆశా, టీకాలు వేసే ఏఎన్ఎం, బరువు తూచే అంగన్‌వాడీ టీచరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించాలి. మార్గదర్శకాల ప్రకారం వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వాళ్లు అనుమానపడితే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి రాస్తారు. అక్కడ పిల్లల డాక్టరు, వినికిడి పరీక్ష చేసేవారు, స్పీచ్ థెరపిస్టు ఉంటారు. బడి ఈడు వస్తే క్లాసు టీచరు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం టీచరు. వైకల్య ధ్రువపత్రం కావాలంటే సదరం క్యాంపులో డాక్టర్లు, పింఛను కోసం సచివాలయం ఉద్యోగి. పదిమందికి పైనే. ప్రతి ఒక్కరికీ వాడి గురించి ఒక ముక్క తెలుసు. మొత్తం తెలిసింది తల్లికే.

ఈ పదిమంది ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే బిడ్డకు మేలు. స్పీచ్ థెరపిస్టు నేర్పిస్తున్న పది మాటలు అంగన్‌వాడీ టీచరుకు తెలిస్తే ఆటలో, పాటలో రోజూ అవే పలికించవచ్చు. నెలకోసారి నెల్లూరు వెళ్లి అరగంట కూర్చుంటే రాని ఫలితం అలా వస్తుంది. మరి ఆ మాట వాళ్లు వాళ్లు చెప్పుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఎందుకు? అందరూ బిడ్డ మంచి కోరేవాళ్లే కదా? ఈ ప్రశ్న వేసేవాళ్లలో చాలామంది నిజంగా మంచి మనసుతోనే వేస్తారు. అందుకే దీనికి జవాబు వివరంగా చెప్పుకోవాలి.

చేరాల్సిన చోటికి చేరదు, చేరకూడని చోటికి చేరుతుంది

రెండు రకాల నష్టం ఇక్కడ పక్కపక్కనే నడుస్తోంది. మొదటిది, అవసరమైన సంగతి అవసరమైన మనిషికి చేరకపోవడం. మూడో తరగతి పిల్లాడికి మూర్ఛ ఉందనుకుందాం. మన ఊళ్లలో ఫిట్స్ అనే అంటారు. ఇంట్లోవాళ్లు బడిలో చెప్పరు. చెబితే చేర్చుకోరేమో, పక్కన కూర్చోబెట్టరేమో అని భయం. ఆడపిల్ల అయితే రేపు సంబంధాల దగ్గర మాట వస్తుందని ఇంకో భయం. ఒకరోజు ప్రార్థన లైనులో పిల్లాడు పడిపోతాడు. టీచరు కంగారుగా తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెడుతుంది, ఇంకొకరు పళ్ల మధ్య చెంచా దూర్చబోతారు. తాళాల వల్ల ఫిట్స్ ఆగదు. నోట్లో ఏదైనా పెడితే పన్ను విరగవచ్చు, ఊపిరికి అడ్డం పడవచ్చు. చేయాల్సింది చాలా తక్కువ. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ గట్టి వస్తువులు తీసేయాలి, గడియారం చూడాలి, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు మాటలు టీచరుకు ముందే తెలిసి ఉంటే ఆ రోజు వేరేలా ఉండేది.

గమనించాల్సింది ఏమిటంటే, టీచరుకు కావలసింది ఈ నాలుగు మాటలే. మెదడు పరీక్ష ఈఈజీ రిపోర్టు అక్కర్లేదు. కాన్పులో బిడ్డ ఆలస్యంగా ఏడ్చిందా, మేనరికమా, మేనమామకు కూడా ఫిట్స్ ఉన్నాయా అన్న వివరాలు డాక్టరు రాసుకునే కేసు షీటులో ఉంటాయి. వాటితో బడికి పనిలేదు. "పిల్లాడి ఫైలు అంతా జిరాక్స్ తీసి ఇవ్వండి" అని బడి అడిగితే, ఆ ఇల్లాలి కాన్పు వివరాలు, ఆ ఇంటి బంధుత్వాల వివరాలు ఆఫీసు రూములోని బీరువాలో చేరతాయి. ఊళ్లో బీరువాలకు తాళం ఉంటుంది కానీ నోళ్లకు ఉండదు.

రెండో నష్టం అదే. చేరకూడని చోటికి చేరడం. వైద్య శిబిరం జరిగింది, ఫొటో తీశారు, శిబిరం బాగా జరిగిందని చూపించడానికి గ్రూపులో పెట్టారు. ఫొటో కింద పిల్లల పేర్లు, తరగతి, పక్కన "రక్తహీనత", "బుద్ధిమాంద్యం", "గుండె జబ్బు". పెట్టినవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. పైవాళ్లు రిపోర్టు అడిగారు, పంపారు, అంతే. ఆ గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి, అక్కణ్ణుంచి ఊరి గ్రూపులోకి వెళ్లడానికి ఒక సాయంత్రం చాలు. పిల్లకు హిమోగ్లోబిన్ ఆరు నెలల్లో పెరుగుతుంది. "ఆ పిల్లకు ఒంట్లో బాగుండదంట" అన్న మాట మాత్రం పదేళ్లు ఉంటుంది.

ఈ రెండు నష్టాలకూ మూలం ఒక్కటే. మన దగ్గర అనుమతి ఉంటే అన్నిటికీ ఉంటుంది, లేకుంటే దేనికీ ఉండదు. భయపడిన తల్లి మొత్తం దాచేస్తుంది. భయపడని తల్లి కింద ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టి మొత్తం ఇచ్చేస్తుంది. ఏ సంగతి, ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్లకు అని విడగొట్టి అడిగే అలవాటు ఉంటే భయపడేవాళ్లు కూడా అవసరమైన నాలుగు మాటలు చెబుతారు. తెలియక ఇచ్చేవాళ్లు కూడా అక్కర్లేనివి ఇవ్వరు. తల్లిదండ్రుల సమ్మతి సమాచారానికి అడ్డుగోడ అనుకోవడం పొరపాటు. సరిగ్గా అడిగితే అదే సమాచారాన్ని కదిలిస్తుంది.

చట్టం ఏమంటోంది

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమాచారం తీసుకునే సంస్థలు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలు ఆ తేదీ నుంచి 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. ఈ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. పిల్లల సమాచారం తీసుకుని వాడాలంటే తల్లి లేదా తండ్రి లేదా చట్టబద్ధ సంరక్షకుల సమ్మతి ఉండాలి, ఆ సమ్మతి నిజంగా వాళ్లదేనని సరిచూసుకోవాలి. ఈ బాధ్యత తప్పితే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది.

జరిమానా కన్నా సమ్మతి అంటే ఏమిటో ఆ చట్టం చెప్పిన తీరు ముఖ్యం. బలవంతం లేకుండా, ఫలానా పనికి అని స్పష్టంగా, విషయం అర్థమై, షరతులు లేకుండా ఇచ్చిందే సమ్మతి. ఆ పనికి ఎంత సమాచారం అవసరమో అంతకే అది వర్తిస్తుంది. ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలి. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లిషులోనే కాదు, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు ఉండాలి. అందులో తెలుగు ఉంది. నాలుగు పేజీల ఇంగ్లిషు ఫారం ముందు పెట్టి "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని వేలితో చూపించి తీసుకునే సంతకం ఈ కొలతకు తూగదు.

అయితే ఈ చట్టాన్ని చూపించి ప్రతి చిన్నపనికీ సంతకం కావాలనడం కూడా సరికాదు. ఆసుపత్రులకు, వైద్య సిబ్బందికి, బడులకు, పిల్లల సంరక్షణ కేంద్రాలకు నియమాల్లో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి కూడా బిడ్డ ఆరోగ్యం కాపాడటానికి, చదువుకు, భద్రతకు ఎంత అవసరమో అంతవరకే. ప్రాణం మీదికి వచ్చిన వేళ, ప్రభుత్వ పథకం లబ్ధి అందించే సందర్భంలో సమ్మతి లేకుండా వాడుకునే వీలూ చట్టంలో ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికి, తర్వాత డిజిటల్‌గా మారే సమాచారానికి వర్తిస్తుంది. బీరువాలోని కాగితానికి, టీ కొట్టు దగ్గర మాటకు ఇది వర్తించదు. అక్కడ కాపాడేది వృత్తి ధర్మమే.

డాక్టర్లకు ఆ వృత్తి ధర్మం రాతపూర్వకంగానే ఉంది. రోగి రహస్యాలు బయటపెట్టకూడదని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతుంది. ప్రమాదం, కోర్టు ఆదేశం, తప్పక తెలపాల్సిన అంటువ్యాధులు లాంటివి మాత్రమే దానికి మినహాయింపు. అదే నియమావళిలో తల్లులకు పనికొచ్చే ఇంకో మాట ఉంది. రోగి తరఫువాళ్లు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, ఆసుపత్రిలో చేర్చుకున్నవారి రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. కవరు తడిసిపోయిన తల్లికి ఇది తెలిస్తే పరీక్షలన్నీ మళ్లీ చేయించుకునే పని తప్పుతుంది. ఈ హక్కు ఉందని ఆసుపత్రి గోడ మీద పెద్దక్షరాలతో రాయాల్సిన అవసరం ఉంది.

కొన్ని సంగతులకు చట్టం మరింత గట్టి కంచె వేసింది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరి హెచ్‌ఐవీ స్థితిని ఇంకొకరికి చెప్పాలంటే రాతపూర్వకమైన సమ్మతి కావాలి. పిల్లల విషయంలో అది వాళ్ల తరఫున నిర్ణయం తీసుకునే పెద్దలు ఇవ్వాలి. బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. బడికి ఈ సంగతి తెలియాల్సిన అవసరమే లేదు. పిల్లలు ఆటలో పడి మోకాలు గీరుకుంటే ఏ పిల్లకైనా గ్లవుజు వేసుకునే కట్టు కట్టాలి. అది అందరికీ ఒకటే పద్ధతి. పద్ధతి అందరికీ ఒకటైనప్పుడు ఒకరి పేరు అడగాల్సిన పనిలేదు.

ఊరి లెక్కకూ పేర్లు అక్కర్లేదు. ఉమ్మడి ప్రకాశం పడమటి భాగంలో కనిగిరి, పొదిలి, దర్శి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఏళ్ల నాటిది. ఏ బడిలో ఎంతమంది పిల్లల పళ్ల మీద మచ్చలున్నాయో తెలిస్తే ఏ ఊరికి ముందు మంచినీళ్లు ఇవ్వాలో తేలుతుంది. ఆ లెక్క గట్టిగా, బహిరంగంగా ఉండాలి కూడా. దానికి ఊరి పేరు, పిల్లల సంఖ్య చాలు. ఒక్కొక్క పిల్ల పేరు, తండ్రి పేరు, ఫొటో కలిపితే ఆ లెక్కకు కొత్తగా వచ్చే బలం ఏమీ లేదు. పిల్లకే నష్టం.

సంతకం ఎవరిది

కాగితం మీద తేలికగా కనిపించి ఊళ్లోకి వచ్చేసరికి చిక్కుపడేది ఇదే. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో సహజ సంరక్షకుడు "తండ్రి, అతని తర్వాత తల్లి" అని ఉంది. చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ "వాళ్ల నాయన సంతకం కావాలమ్మా" అనడానికి మూలం అదే. కానీ 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ "తర్వాత" అన్న మాటను తండ్రి చనిపోయాక అని మాత్రమే చదవకూడదంది. తండ్రి ఏ కారణం చేతనైనా బిడ్డ బాగోగులు చూడని స్థితిలో ఉంటే తల్లే సహజ సంరక్షకురాలని చెప్పింది. డేటా చట్టం తల్లికి, తండ్రికి మధ్య తేడా పెట్టలేదు. బిడ్డను రోజూ ఆసుపత్రికి తిప్పే తల్లి సంతకం చెల్లదని తిప్పి పంపడం చట్టమూ కాదు, న్యాయమూ కాదు.

ఇక తల్లీతండ్రీ ఇద్దరూ ఊళ్లో లేని ఇళ్ల సంగతి. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల నుంచి, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట నుంచి బేల్దారి పనులకు, కూలికి హైదరాబాద్, బెంగళూరు వెళ్లేవాళ్లు చాలామంది. పిల్లలు అవ్వ, తాతల దగ్గర ఉంటారు. అంగన్‌వాడీకి తీసుకెళ్లేది అవ్వే, జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గరకు పరిగెత్తేదీ అవ్వే. కానీ చట్టం లెక్కలో అవ్వ తనంతట తానే సంరక్షకురాలు అయిపోదు. వైద్య బృందం వచ్చి పిల్లను పై ఆసుపత్రికి రాయాలంటే "అమ్మానాన్న వచ్చాక చూద్దాం" అంటారు. సంక్రాంతికి వస్తారు, మూడు రోజులుండి వెళ్తారు. గుండెలో రంధ్రం ఉన్న పిల్లకు ఆ వాయిదా చాలా ఖరీదైనది. లేదంటే రెండో దారి, అవ్వ చేత వేలిముద్ర వేయించుకుని పని కానివ్వడం. రెండూ తప్పే.

మధ్యలో ఒక మంచి పద్ధతి సాధ్యమే. ఊరు వదిలే ముందు తల్లిదండ్రులు ఒక కాగితం రాసి పెట్టవచ్చు. రోజువారీ వైద్యం, బడి విషయాల్లో బిడ్డ గురించి అవ్వతో మాట్లాడవచ్చని, ఆపరేషన్ లాంటి పెద్ద నిర్ణయానికి మాత్రం ఫలానా నంబరుకు ఫోన్ చేయాలని. ఆ కాగితం అవ్వను చట్టబద్ధ సంరక్షకురాలిగా మార్చదు. కానీ తల్లిదండ్రులు ఎవరికి ఎంతవరకు ఒప్పుకున్నారో ఏఎన్ఎంకూ టీచరుకూ తెలుస్తుంది. వీడియో కాల్‌లో తల్లికి విషయం చెప్పి, ఆమె సరేనన్న తేదీ, సమయం రిజిస్టరులో రాసుకోవడం కూడా ఇప్పుడు ఏ పల్లెలోనైనా కుదిరే పనే.

నెల్లూరు జిల్లాలో యానాదుల కుటుంబాల దగ్గర ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. చెరువు గట్ల మీద, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటూ బతికే ఆ ఇళ్లకు ఎవరైనా ఆఫీసు మనిషి ఫారం పట్టుకొస్తే కాదనడం అనే మాటే ఉండదు. "సారోళ్లు అడిగితే ఇయ్యకపోతే ఎట్టా" అంటారు. బియ్యం ఆగిపోతుందేమో, బిడ్డ పేరు కొట్టేస్తారేమో అన్న భయంతో వేసే వేలిముద్ర సమ్మతి కాదు. కాదనగలిగిన మనిషి అవునంటేనే దానికి విలువ. అందుకని అడిగేవాళ్ల మీద ఒక అదనపు బాధ్యత ఉంది. "ఇది ఇవ్వకపోయినా బిడ్డకు టీకా ఆగదు, కోడిగుడ్డు ఆగదు, బడి ఆగదు" అని ఫారం విప్పకముందే నోటితో చెప్పాలి. చెప్పి, ఆ తర్వాత అడగాలి.

ఫోన్ల సంగతీ ఇలాంటిదే. 14 అంకెల ఆభా నంబరు, అంటే ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా నంబరు, ఉన్నవాళ్ల ఆరోగ్య రికార్డులు ఇంకొకరు చూడాలంటే యాప్‌లో సమ్మతి ఇవ్వాలి, ఎన్నాళ్లకో గడువు పెట్టవచ్చు, తర్వాత రద్దు చేసుకోవచ్చు. ఆలోచన చక్కగానే ఉంది. కానీ ఆచరణలో సమ్మతి అంటే "ఓటీపీ చెప్పమ్మా" అన్న మూడు సెకన్ల మాటగా మారిపోయింది. ఓటీపీ వచ్చేది బెంగళూరులో ఉన్న తండ్రి ఫోనుకు. ఆయన సెంట్రింగ్ పనిలో ఉండి, ఏ ఓటీపీయో చూడకుండా నంబరు చదివేస్తాడు. విద్యార్థుల 12 అంకెల అపార్ నంబరుకు కూడా తల్లిదండ్రుల సమ్మతి పత్రం ఉంది, అది స్వచ్ఛందమే. ఆ పత్రంలో ఏం రాసి ఉందో చదివి వినిపించడానికి అయిదు నిమిషాలు పడుతుంది. నూరు శాతం పూర్తి చేయమని టార్గెట్ పెట్టినప్పుడు టీచరు దగ్గర ఆ అయిదు నిమిషాలు ఉండవు. ఇక్కడ టీచరును తప్పుపట్టి లాభం లేదు. ఎన్ని సంతకాలు వచ్చాయని లెక్కించే పద్ధతిలోనే లోపం ఉంది.

అడగకుండా చెప్పాల్సినవి

తల్లిదండ్రుల అనుమతి కోసం ఆగకూడని చోట్లు కూడా ఉన్నాయి. వాటిని గట్టిగానే చెప్పుకోవాలి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాలి. డాక్టరైనా, టీచరైనా, వార్డెనైనా ఇది తప్పదు. తెలిసి దాచితే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. "ఇంటి పరువు పోతుంది, మేమే చూసుకుంటాం" అని తల్లిదండ్రులు బతిమాలినా ఇక్కడ వాళ్ల అనుమతికి చోటు లేదు. కొన్నిసార్లు ప్రమాదం ఆ ఇంట్లోనే ఉంటుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

చెప్పాలి అంటే అందరికీ చెప్పాలని కాదు. పోలీసులకు, శిశు సంక్షేమ కమిటీకి, చికిత్స చేసే డాక్టరుకు. పత్రికల్లో, టీవీలో బిడ్డ పేరు, ఇల్లు, బడి ఏవీ రాకూడదని పోక్సోతో పాటు 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కూడా చెబుతుంది. "ఫలానా మండలంలోని ఫలానా హైస్కూల్లో తొమ్మిదో తరగతి" అని రాసి పేరు మాత్రం రాయలేదని సరిపెట్టుకుంటే ఊళ్లో ప్రతి ఒక్కరికీ ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది.

కాస్త ఎదిగిన పిల్లల విషయం వేరుగా చూడాలి. పిల్లలకు సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ల మాట వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది. భారతదేశం 1992లో దానికి ఒప్పుకుంది. నెల్లూరు, ఒంగోలు చుట్టూ హాస్టళ్లతో నడిచే కాలేజీలు ఎన్నో ఉన్నాయి. ఇంటర్ చదివే పిల్ల రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, చదువు టెన్షన్ తట్టుకోలేకపోతున్నానని ఎవరో ఒకరికి చెప్పుకుంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం చికిత్స చేసేవాళ్లు ఆ సంగతి రహస్యంగా ఉంచాలి. చికిత్స కోసం మరో డాక్టరుకు చెప్పవచ్చు. మైనరు కాబట్టి సంరక్షకులకు తెలుపుతారు. ప్రాణానికి ముప్పు ఉంటే దాన్ని ఆపడానికి అవసరమైనంత చెప్పవచ్చు. ర్యాంకుల లిస్టు పట్టుకుని కూర్చున్న యాజమాన్యానికి చెప్పవచ్చని మాత్రం ఎక్కడా లేదు. వార్డెనుకు తెలియాల్సింది "ఈ పిల్లను రాత్రి ఒంటరిగా ఉంచవద్దు, ఏదైనా అనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అన్న మాట. అది చెప్పే ముందు ఆ పిల్లతో "నీ గురించి వార్డెన్ మేడమ్‌కు ఇంతవరకే చెప్తాం, సరేనా" అని ఒక్కసారి అడిగితే, రేపు ఇంకో కష్టం వచ్చినా ఆ పిల్ల నోరు విప్పుతుంది. అడగకుండా చెబితే విప్పదు.

ఒక పేజీ చాలు

ఇదంతా ఎలా ఉంటుందో చూడాలంటే ఆ ఫిట్స్ పిల్లాడి దగ్గరకే వెళ్లవచ్చు. వాళ్లమ్మ బడిలో ఇచ్చే కాగితం ఇలా ఉంటే సరిపోతుంది.

"మా బాబుకు ఫిట్స్ వస్తాయి. మందు వాడుతున్నాం. వస్తే ఏం చేయాలో డాక్టరు గారు రాసిచ్చిన చీటీ దీనికి జత చేశాను. ఈ సంగతి హెడ్మాస్టరు గారికి, క్లాసు టీచరుకు, మధ్యాహ్న భోజనం దగ్గర ఉండే ఆయమ్మకు చెప్పడానికి ఒప్పుకుంటున్నాను. మిగతా పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు, వాట్సాప్ గ్రూపులో చెప్పవద్దు. బడిలో ఫిట్స్ వస్తే ఎంతసేపు ఉందో టీచరు గారు డాక్టరుకు ఫోనులో చెప్పవచ్చు. బాబు చదువు గురించి, మా ఇంటి విషయాల గురించి డాక్టరుతో మాట్లాడాలంటే ముందు నన్ను అడగాలి. ఈ ఒప్పుకోలు ఈ విద్యా సంవత్సరం చివరి వరకే. మధ్యలో వద్దనుకుంటే వచ్చి చెబుతాను."

తొమ్మిది వాక్యాలు. ఎవరికి, ఏది, ఎందుకు, ఎన్నాళ్లు అన్నవి అన్నీ ఇందులో ఉన్నాయి. రాయడం రాని తల్లి అయితే టీచరే ఆమె చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవచ్చు. రెండు ప్రతులు తీయాలి. ఒకటి బడిలో, ఒకటి తల్లి దగ్గర. తల్లి దగ్గర ప్రతి ఉండటం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా తేడా తెస్తుంది. దేనికి ఒప్పుకున్నానో తన చేతిలో లేకపోతే, రేపు ఏది దాటిపోయిందో అడగడానికి ఆమెకు ఆధారం ఉండదు.

థెరపిస్టుకు, భవిత కేంద్రం టీచరుకు మధ్య అయితే ఇంకాస్త ఎక్కువ సమాచారం అటూ ఇటూ వెళ్లాలి. ఏ వ్యాయామం చేయిస్తున్నారు, ఎంతవరకు వచ్చింది, ఏది చేస్తే పిల్లాడు విసుక్కుంటున్నాడు. సదరం డాక్టర్లకు కావలసింది వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఏది, ఎంత శాతం అన్నది తేల్చడానికి పాత రిపోర్టులు కావాలి. సచివాలయానికి ఆ రిపోర్టులేవీ అక్కర్లేదు, సర్టిఫికెట్ ఒక్కటి చాలు. ఒక్కొక్కరికి ఒక్కో కొలత. అన్నిచోట్లా కవరు మొత్తం బోర్లించాల్సిన పని లేదని తల్లికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేది ఆమె మొదట నమ్మే మనిషి అయితే మేలు. మన ఊళ్లలో అది చాలాసార్లు ఆశా గానీ, అంగన్‌వాడీ టీచరు గానీ అయి ఉంటుంది. ఇంటికొచ్చి ఆ కవరు నేల మీద పరిచి, "ఇది డాక్టరుకు మాత్రమే, ఇది బడికి కూడా చూపించొచ్చు, ఇది ఎవరికీ అక్కర్లేదు, ఇంట్లోనే పెట్టుకో" అని మూడు కుప్పలు చేసి, ఒక్కో కుప్పను ఒక్కో రంగు అట్టలో పెట్టిస్తే అరగంట పని. మందుల అట్టల రంగులు గుర్తుపెట్టుకునే తల్లికి ఈ మూడు రంగులు గుర్తుండటం కష్టమేమీ కాదు.